పట్నం చూసిన ఇస్తారి

బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో ఇస్తారి అనే పేరుతో చాలామంది ఉండేవాళ్లు. ఒకడు కుంటి ఇస్తారి, ఒకడు కోళ్ల ఇస్తారి. మా తాత మాత్రం పట్నం ఇస్తారి. హైదరాబాదుకు మా వైపు పట్నం అని తప్ప వేరే పేరు లేదు. అక్కడ పుట్టినందుకో, అక్కడ బతికినందుకో ఆయనకు ఆ పేరు రాలేదు. పట్నం ముచ్చట్లు చెప్పి చెప్పి సంపాదించుకున్నాడు. ఇందులో ఒకటే చిక్కు. మా తాత పట్నం చూడలేదు.

చూసింది బొమ్మ. చిన్నప్పుడు వేలాల జాతరలో బయస్కోపు పెట్టెవాడి దగ్గర, గాజు కన్నానికి కన్ను ఆనించి చార్మినారును చూశాడు. పెట్టెవాడు పాట పాడుతూ బొమ్మ తిప్పేస్తుంటే ఇంకాసేపు ఆపమని ఏడ్చాడట. వానకు తడిసిందో ఏమో, ఆ కాగితం అడుగున నీలం రంగు కారి ఉండేది. అది ఏరు అనుకున్నాడు పిల్లవాడు. ఆ ఏరును ముప్పై ఏళ్లు చార్మినారు కింద పారించాడు.

బాయిలో ఆయనది తట్ట చెమ్మాసు పని. పేల్చిన బొగ్గును చెమ్మాసనే పెద్ద పారతో తట్టకెత్తి, తట్ట నెత్తిన పెట్టుకుని టబ్బులో పోయాలి. సద్ది తినే వేళ దీపాలు తగ్గించుకుని అందరూ గోడకు చేరగిలబడేవాళ్లు. పక్కవాడి మొహం కనిపించని చీకటి.

"ఇస్తారన్నా, జర పట్నం తోల్కపోరాదే" అనేవాడు ఎవడో.

"ఏ దిక్కు పోదాం? చార్మినారుకా, కోఠీకా?"

"చార్మినారుకే పా. ఏనుగులు నీళ్లు తాగే కాడికి."

ఇస్తారి మొదలుపెట్టేవాడు. నాలుగు మీనార్లు, నడుమ ఏరు, ఏటి మీద దీపాలు, దీపాల కింద అత్తరు అమ్మేవాళ్లు. ఒకసారి కొత్తగా చేరినవాడొకడు అడ్డం పడ్డాడు. "మా బావ మొన్ననే పోయొచ్చిండు. గక్కడ ఏరే లేదన్నడు."

"మీ బావ ఎండకాలం పోయిండచ్చు" అన్నాడు ఇస్తారి.

అందరూ నవ్వారు. ఏరు మాత్రం ఎండలేదు.

ఆ ఏటి పుణ్యమే పెళ్లి కూడా. లక్సెట్టిపేట పక్కన గోదావరి ఒడ్డు పల్లెలో లింగవ్వను చూడబోయినప్పుడు, పిల్లవాడు లోకం చూశాడా అని ఎవరో అడిగితే, పట్నం మొత్తం వాకిట్లో పరిచాడు. లింగవ్వ తల్లి సమ్మవ్వ చిన్న వయసులోనే మగణ్ణి పోగొట్టుకుని, నాట్లు వేసి, కోతలు కోసి ఒక్క బిడ్డను సాదింది. మంచిర్యాల దాటి ఎరుగదు. అయినా ఇస్తారి కళ్లలోకి చూసి తేల్చేసింది.

"అల్లుడా, నువ్వు సూసినవో లేదో నాకెందుకు? నా బిడ్డకు మాత్రం సూపియ్యి" అంది.

ఇస్తారి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. పెట్టాడు గానీ పట్నం దూరమవుతూ పోయింది. ఒకసారి మూట కట్టుకున్నాక లింగవ్వకు వాంతులు మొదలయ్యాయి, తర్వాత సరోజన పుట్టింది. సరోజన మా అమ్మ, కాబట్టి ఆ అడ్డంకి మీద నాకు కోపం లేదు. ఇంకోసారి రజాకార్ల రోజులు, రైలెక్కితే దిగుతామన్న నమ్మకం లేదు. మరోసారి బాయి కప్పు కూలి ఇస్తారి పాదం నలిగింది. పోలీసు చర్య అయిపోయి, నాలుగో చలికాలం వచ్చేసరికి, లింగవ్వ పట్నం మాట ఎత్తడం మానేసింది. అప్పుడు ఇస్తారికి భయం పట్టుకుంది. అడిగినన్నాళ్లు ఏదో చెప్పి నెట్టుకొచ్చాడు. అడగనిదానికి ఏం చెప్పాలి? మూడొద్దులు సెలవు పెట్టాడు.

వెళ్లేముందు వారం అత్తగారిని చూడటానికి పోయారు. సమ్మవ్వ కుక్కిమంచంలో కూర్చుని దగ్గుతోంది. లింగవ్వ మనసు వెనక్కి లాగింది.

"దమ్ము నాకు పెండ్లినాటి సోపతే" అంది సమ్మవ్వ. "అది ఎటూ పోదు, నేను ఎటూ పోను. నువ్వు పోయి రా. వచ్చేటప్పుడు నాకు సున్నం డబ్బీ తే. ఇత్తడిది. మూతకు గొలుసుండాలె, లేకుంటే మూత పోగొడ్త. ఉత్త చేతులతోని వచ్చినవో, తలుపు తియ్య."

సరోజనను పక్కింట్లో ఒప్పజెప్పి, జొన్నరొట్టెలు మూటగట్టి, ఇద్దరూ బెల్లంపల్లిలో పొద్దుటి బండి ఎక్కారు. లింగవ్వ కిటికీ పక్కన కూర్చుంది. మంచిర్యాలలో బండి ఆగగానే ఇస్తారి చెంబు పట్టుకుని నల్లా దగ్గరికి దిగాడు.

"బావా!"

పోశం. సమ్మవ్వ మరిది కొడుకు. కొడుకులు లేని ఆమెకు కొడుకులాంటివాడు. వాడు బెల్లంపల్లి వైపు పోయే బండి కోసం అవతలి అంచున నిలబడి, ఇస్తారిని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"నేను మీ ఇంటికే బయలెల్లిన. నువ్వే ఎదురొచ్చినవ్."

"ఏందిరా?"

"పెద్దవ్వ పోయింది బావా. తెల్లారగట్ల. సలికి ముడుసుకొని పండుకున్నదనుకున్నం. లేపుతే లెవ్వలే."

చెంబు నిండి నీళ్లు ఇస్తారి పాదాల మీద పడుతున్నాయి.

"అక్క ఏది?" అన్నాడు పోశం.

"బండిల."

"నేను చెప్పాల్నా?"

"వద్దు. నువ్వు చెప్తే గిక్కడ్నే పడి ఏడుస్తది. నువ్వు ముంగట పో, బస్సు దొరకవట్టు. నేను మెల్లగ చెప్పి దింపుకొని వస్త."

"జల్ది రా బావా. మీరు వచ్చేదాక ఎత్తం. అక్క మొఖం సూసినంకనే."

పోశం కళ్లు తుడుచుకుంటూ బస్సుకు ఉరికాడు. ఇస్తారి పెట్టెలోకి ఎక్కాడు. ఆ నిమిషం వరకు ఆయన మనసులో ఏ మోసమూ లేదు. ఆ మాట మేమందరం నమ్ముతాం. ఎందుకంటే మా తాత అబద్ధాలన్నీ ముందుగా అనుకుని ఆడినవి కావు. నోట్లోంచి జారాక వాటి వెనక పరుగెత్తేవాడు.

లింగవ్వ ఎదురుగా కూర్చున్న ఆడమనిషితో చెబుతోంది. "మా ఆయనకు పట్నం గల్లీ గల్లీ ఎరుకనే. నాకేం ఫికర్ లేదు." ఇస్తారిని చూసి చెయ్యి చాపింది. "చెంబు ఇటియ్యి, దూపైతుంది. గింత సేపా? పట్నం నల్లాకే పోయినవనుకున్న."

ఆమె గొంతులో నీళ్లు దిగేదాకా ఆగుదామనుకున్నాడు. ఆమె తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. చిన్నపిల్లలా కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుంది. బండి కూత వేసింది. దిగు అనే ఒక్క మాట ఆయన నాలుక మీదే ఉంది. బండి కదిలింది.

తర్వాతి స్టేషనులో దిగొచ్చు. దిగి వెనక్కి మళ్లితే పొద్దు వాలేలోగా పల్లె చేరొచ్చు. ఇస్తారికి ఆ లెక్క తెలుసు. కానీ అప్పటికి ఆయనకు ఒక నీడ దొరికింది. మా వైపు ఒక కట్టు ఉంది. దూరాన అయినవాళ్లు పోతే, ఆ కబురు చెవిన పడ్డప్పటినుంచే మైల. చెవిన పడగానే కట్టుబట్టలతో నెత్తిన నీళ్లు పోసుకోవాలి. అంతవరకు తిన్న తిండికీ నవ్విన నవ్వుకూ తప్పు అంటదు. లింగవ్వ చెవిన పడలేదు కదా? ఇరవై ఏళ్లనుంచి ఎదురుచూసింది, ఒక్కసారి చూడనీ. తర్వాత చెబుతాను. ఏడుపు ఎక్కడికి పోతుంది? సమ్మవ్వే పొమ్మంది కదా!

రామగుండం వచ్చింది, పోయింది. పెద్దపల్లి వచ్చింది, పోయింది. ఒక్కో స్టేషను దాటినకొద్దీ చెప్పాల్సిన మాటకు ఇంకో మాట తోడవుతోంది. సమ్మవ్వ పోయిందన్నది ఒక మాట. నాకు ముందే తెలుసన్నది రెండోది. నీ కోసం ఆగుతామన్నారన్నది మూడోది. మూడింటినీ ఒక్కసారి ఎత్తే బలం, బొగ్గు తట్టలు మోసిన ఆ మెడకు లేకపోయింది.

పట్నంలో స్టేషను ఎదుటి సరాయిలో దిగారు. తెల్లవారగానే ఇస్తారి నల్లా కింద కూర్చుని, ధోతీ కమీజుతోనే నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. కబురు ఆయన చెవిన పడింది కదా!

లింగవ్వ నడుము మీద చెయ్యేసుకుని చూసింది. "పట్నంల బట్టలిప్పకుంటనే తానం చేస్తరా? గీ ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి?"

"మురికి బాగైంది" అన్నాడు.

"మురికి ఒంటికా, బట్టలకా?"

ఆయన కమీజు అంచు పిండుకున్నాడు. జవాబు చెప్పని ఇస్తారిని లింగవ్వ అదే మొదటిసారి చూడటం. కొత్త ఊరి బెదురనుకుని లోపల నవ్వుకుంది.

బాగేఆమ్‌లో జంతువుల తోటలో పులిని చూశారు. రెండంతస్తుల బస్సు ఎక్కారు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే లింగవ్వ చెట్టుకొమ్మ తగులుతుందని ప్రతిసారీ తల వంచింది. ఇరానీ హోటలులో చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంది. "నువ్వు చెప్పిన బిర్యానీ ఏది?" అంటే ఆమెకు తెప్పించి, తనకు కడుపులో బాగా లేదన్నాడు. ఆమె మాంసం ముక్క నోట్లో పెట్టుకుంటుంటే తల పక్కకు తిప్పుకున్నాడు. చెవిన పడనిది మైల కాదు అని మనసులో పదే పదే అనుకున్నాడు. ప్రతిసారీ పోశం గొంతు వినిపించింది: మీరు వచ్చేదాక ఎత్తం.

చార్మినారు ముందర జట్కాలు, సైకిళ్లు, మూటలు, మనుషులు. లింగవ్వ నాలుగు దిక్కులా తిరిగి చూసింది.

"ఏరు ఏది సరోజన బాపూ?"

ఇస్తారి నేలచూపులు చూశాడు.

"ఎండకాలం గూడ కాకపాయె" అని ఆమె పకపకా నవ్వింది. దారినపోయేవాళ్లు ఆగి చూసేంత నవ్వు. "పాపం, మొఖం గట్ల పెట్టకు. నువ్వు సూడలేదని నాకు పెండ్లినాడే ఎరుక. మా అవ్వ ఆనాడే చెప్పింది. గీ పిలగాడు ఉత్తగ కోస్తుండు, గని కోసేటోడు కొట్టడు, చేసుకో అన్నది."

ఇరవై ఏళ్లు కాపాడుకున్న అబద్ధం అంత తేలిగ్గా, అంత ప్రేమగా ఊడిపోయింది. ఇంకెప్పుడైనా అయితే ఇస్తారి కూడా నవ్వేవాడే. అప్పుడు చెప్పవలసింది. ఒక అబద్ధానికి నవ్విన మనిషి ముందు రెండోది పెట్టవలసింది. ఆయన జట్కా గుర్రాన్ని చూస్తూ నిలబడ్డాడు.

మెట్లెక్కి పైకి పోయారు. మెట్లు ఇరుకు, చీకటి. బాయి మనిషికి చీకటి కొత్త కాదు, అయినా గోడ పట్టుకుని ఎక్కాడు. పైన గాలి కొట్టింది. లింగవ్వ కొంగు బిగించుకుని కింద పాకే జనాన్ని చూసి, తర్వాత దూరాన ఆకాశం అంచును చూసింది.

"మనూరు ఏ దిక్కు?"

ఇస్తారి చెయ్యెత్తి ఏదో ఒక వైపు చూపించాడు.

"గీడికెల్లి పిలుస్తే మా అవ్వకు ఇనవడ్తదా?" అని, ఆయన ఆపేలోపే ఆ వైపు తిరిగి నోటికి చేతులడ్డం పెట్టుకుంది. "ఓ అవ్వా! తలుపు తియ్యి! ఉత్త చేతులతోని రానే!"

పక్కనున్న పిల్లలు నవ్వారు. ఇస్తారి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏమైంది? కండ్లు తిరిగినయా?"

"పోదాం పా లింగవ్వా. ఇంటికి పోదాం."

"మూడొద్దులంటివి గద! ఇంక డబ్బీ కొనకపోతిమి!"

డబ్బీ కొనడానికి సగం పూట పట్టింది. కొన్నింటికి గొలుసు లేదు, కొన్నింటికి గొలుసుంటే మూత వదులు. లింగవ్వ ప్రతి డబ్బీ మూతా తెరిచి మూసి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నది. "మా అవ్వ వేళ్లు వంకరపొయ్యినయి. గట్టిమూతైతే తీసుకోరాదు" అని దుకాణదారుకు తెలుగులో వివరించింది. ఆయన ఉర్దూలో ఒప్పుకున్నాడు. ఇస్తారి గుమ్మం పక్కన నిలబడి, ఏదో ఒకటి తీసుకో అనలేక, ఏదీ వద్దనలేక, ఆ వంకరపోయిన వేళ్లు ఈపాటికి ఏమయ్యాయో తెలిసి, రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. చివరికి ఆమెకు నచ్చింది దొరికింది. ఆ సంతోషంలో లాడ్‌బజారులో రెండు చేతులనిండా రాళ్ల గాజులు వేయించుకుంది. మల్లెదండ తలలో పెట్టుకుంది. ఆ సాయంత్రమే ఇస్తారి ఆమెను బండెక్కించాడు. తెల్లారితే మూడోరోజు, పోయినవాళ్ల పేరున పిట్టకు పెట్టే రోజు. దానికైనా అందితే చాలనుకున్నాడు.

మంచిర్యాలలో లింగవ్వ తనే లేచింది. "ఈడ దిగుదాం. డబ్బీ ఇచ్చి, అవ్వకు పులి ముచ్చట చెప్పి పోదాం."

లక్సెట్టిపేటలో బస్సు దిగి నడక. ఇస్తారి వెనక నడిచాడు.

"లింగవ్వా."

"ఏంది?"

"చెప్పు తెగింది."

కొంత దూరం పోయాక మళ్లీ పిలిచాడు. ఆమె తిరిగి చూసింది. తలలో దండ వాడింది గానీ వాసన పోలేదు. చేతుల గాజులు ఎండకు మెరుస్తున్నాయి.

"ఏం లేదు. జర మెల్లగ నడువు."

"పట్నం బస్సు ఎక్కినంక కాళ్లు మొరాయిస్తున్నయా?" అని ఆమె ఇంకా తొందరగా నడిచింది.

ఊరి పొలిమేరలో పది పదిహేను మంది గోదావరి వైపు నుంచి ఖాళీ కుండలతో తిరిగి వస్తున్నారు. ముందు పోశం. నున్నటి గుండు. లింగవ్వకు దూరం నుంచే నవ్వొచ్చింది.

"ఏందిరో పోశం, యేములాడ పోయినవా? అక్కకు చెప్పకుంట మొక్కు తీర్చుకున్నవా?"

ఎవ్వరూ నవ్వలేదు. వాళ్ల కళ్లు ఆమె తలలో పూల మీద, చేతుల మీద, చేతుల్లోని ఇత్తడి డబ్బీ మీద ఆగాయి. పోశం ఆమెను కాకుండా ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూశాడు.

"బావా?" అన్నాడు. "బావా, నువ్వు చెప్పలేదా?"

లింగవ్వ నవ్వు మొహం మీదే ఉండిపోయి, మెల్లగా దానికి అర్థం లేకుండా పోయింది.

"ఎప్పుడు?" అంది.

"మొన్న తెల్లారగట్ల. టేషన్ల బావకు చెప్పిన గదనే! ఎనుకనే తోలుకొస్త అన్నడు. పొద్దు మునిగేదాక మొఖం కప్పకుంట ఉంచినం. బస్సు చప్పుడైనప్పుడల్ల నేను రోడ్డుకు ఉరికిన. ఇగ ఆగద్దన్నరు పెద్దలు. చీకటి పడ్డంక ఎత్తినం."

ఆగుతామన్న మాట చెవుల్లోనే ఉన్నా, ఇస్తారికి ఇది తట్టనే లేదు. రైలు కదిలిన క్షణం నుంచి లింగవ్వ గురించి ఆలోచించాడు, తన గురించి ఆలోచించాడు. మొహం తెరిచి పెట్టుకుని ఒక శవం పొద్దంతా దారి చూస్తుందని ఆలోచించలేదు.

లింగవ్వ మొగుడి వైపు తిరగలేదు. ఏడవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"పిట్ట ముట్టిందా?"

పోయినవాళ్ల పేరు చెప్పి మూడోరోజు ఇష్టమైనవన్నీ వండి పెడితే కాకి వచ్చి ముట్టాలి. పోయినవాళ్లే ఆ పిట్ట రూపంలో వస్తారని నమ్మకం. ఏదైనా కొరత ఉంటే పిట్ట ముట్టదు. చుట్టూ తిరుగుతుంది, కొమ్మ మీద కూర్చుంటుంది, అయినవాళ్లు వచ్చి బతిమాలుకునే దాకా ముట్టదు. ఎదురుచూసిన బిడ్డ రానేలేదు కదా. అవ్వ అలిగి ఉండాలి. తాను పోయి, తప్పయింది తిను అని చెప్పాలి. లింగవ్వకు మిగిలింది అదొక్కటే.

పోశం తల దించుకున్నాడు. పక్కనున్న ముసలమ్మ ఓదార్పుగా ముందుకొచ్చింది. "ముట్టింది బిడ్డా. పెట్టంగనే వాలింది. పుణ్యాత్మురాలు, ఏ కొర్క లేకుంట పోయింది."

అప్పుడు లింగవ్వ దారి మధ్యలో కూర్చుండిపోయింది.

"ఆగలేదా?" అంది. "నా కోసం ఆగలేదా?"

దగ్గర్లో మోటబావి ఉంది. కబురు చెవిన పడింది కాబట్టి కట్టుచీరతోనే నీళ్లు పోశారు. దండ జారి నీళ్లలో కొట్టుకుపోయింది. గాజులు పగలకూడదు, మొగుడు బతికే ఉన్నాడు. ఒక్కోటి గుంజి తీసింది. చేతులు గీరుకుపోయి నెత్తురొచ్చింది. అన్నీ తీసి, తెచ్చి, ఇస్తారి దోసిట్లో పోసింది. ఆయన వాటిని పట్టుకుని సాయంత్రం దాకా బావి గట్టున కూర్చున్నాడు.

సెలవు అయిపోయి బాయిలో దిగిన రోజు సద్ది వేళ అందరూ చుట్టూ చేరారు.

"ఇస్తారన్నా, ఏరు ఎట్లున్నది? ఏనుగులు బాగున్నయా?"

ఇస్తారి దీపం తగ్గించుకుని గోడకు ఒరిగాడు. సద్దిమూట విప్పుకున్నాడు. మొదట దుఃఖమనుకున్నారు, కొన్నాళ్లకు పట్నం చూసొచ్చిన మిడిసిపాటు అనుకున్నారు, తర్వాత అడగడం మానేశారు. ఆయన జాగాలో ఇంకో కుర్రాడు పట్నం ముచ్చట్లు అందుకున్నాడు. వాడూ చూడలేదు. ఏరు ఇంకా వెడల్పయింది. ఆ చీకట్లో నిజం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన రొట్టె నములుతూ విన్నాడు.

ఇంట్లో లింగవ్వ తిట్టిందా అంటే తిట్టలేదు. వండింది, పెట్టింది, సరోజన పెళ్లి చేసింది. చాలా ఏళ్లకు ఒకసారి ఇస్తారే ధైర్యం చేశాడు.

"నీ కోసమే అనుకున్న లింగవ్వా. గిన్నేండ్లకు బయలెల్లితివని. నా కోసమో, నీ కోసమో, ఇప్పటికి నాకే సమజైతలేదు."

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసి చెప్పింది. "నువ్వు కోసినయన్ని నాకు ఎరుకనే. ఎన్నడన్న తప్పు పట్టిన్నా? గవి ఎవ్వల్ని ఎదురుసూడవెట్టలే."

సున్నం డబ్బీ గోడగూట్లో ఉండేది. అందులో ఎవరూ ఎన్నడూ సున్నం వేయలేదు. గొలుసు పట్టుకుని గిరగిరా తిప్పితే బాగా మోగుతుందని మనవళ్లం కనిపెట్టాం. అమ్మమ్మ చేతి దెబ్బ తిన్నది ఆ ఒక్కసారే.

బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, పని మానేసి, ఇస్తారి వాకిట్లో మంచం మీదే ఉండిపోయిన రోజుల్లో కూడా ఊళ్లో ఆయన పట్నం ఇస్తారే. ఆ పేరెందుకొచ్చిందో తెలియని పిల్లలు చుట్టూ మూగి విసిగించేవాళ్లు.

"తాతా, నువ్వు పట్నం పోయినవట గద! చార్మినారు కింద ఏరుంటదా?"

తాత దగ్గు ఆపుకుని, గొంతు సరిచేసుకుని, ఆకాశం వైపు చూశాడు.

"నేనేడ సూసిన బిడ్డా. పోలే."

పక్కనే బియ్యం చెరుగుతున్న లింగవ్వ చేతిలో చాట ఆగింది. ఆమె ఏదో అంటుందని పిల్లలు అటు తిరిగారు. ఆమె ఒక మట్టిగడ్డ ఏరి పారేసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.